రైలింజన్లకు కథలు రాసిన పాదిరి: రెవరెండ్ ఆడ్రీ గురించి తెలిసినవారు చెప్పగలరు

సుధామయి (హైదరాబాదు)

గత ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచే చోట, అరచేతిలో ఇమిడేంత చిన్న అడ్డం పుస్తకాలు నాలుగు దొరికాయి. ఎడమ పేజీలో నాలుగైదు వాక్యాలు, కుడి పేజీలో ముఖం ఉన్న రైలింజను బొమ్మ. మా ఆరేళ్ల వాడికి టీవీ పుణ్యమా అని థామస్ అనే రైలింజను ఎప్పటి నుంచో తెలుసు కనుక, ఇంటికి వచ్చేలోగా ఆటోలోనే రెండు పుస్తకాలు నా చేత చదివించుకున్నాడు. అయితే అట్ట మీద రచయిత పేరు ముందు "రెవరెండ్" అని ఉండడం నన్ను ఆపింది. థామస్‌ను ఏదో బొమ్మల కంపెనీ పుట్టించిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంగ్లండులో చర్చి నడుపుకునే ఒక పాదిరి బాయిలర్లు, సిగ్నళ్ల సంగతి ఇంత వివరంగా ఎందుకు రాశారో, ఆ రెండు పనులకూ ఆయన జీవితంలో పొంతన ఎలా కుదిరిందో తెలిసినవారు చెప్పగలరా?

బ్రమ్మీ తెలుగు (బర్మింగ్‌హాం)

సుధామయి గారూ, ఆ కథలు పుట్టినది మేముంటున్న ఊళ్లోనే కాబట్టి ముందుగా నేనే చెబుతాను. ఆయన పూర్తి పేరు విల్బర్ట్ వీర్ ఆడ్రీ. 1911 జూన్ 15న హాంప్‌షైర్‌లోని ఆంప్‌ఫీల్డ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి వీర్ ఆడ్రీ ఆ ఊరి వికారు (ఊరి చర్చికి బాధ్యుడైన గురువు), పైగా రైళ్ల పిచ్చి ఉన్న మనిషి. విలియం, హెర్బర్ట్ అనే తన సోదరులిద్దరి పేర్లు కలిపి కొడుక్కి "విల్బర్ట్" అని పెట్టుకున్నారని చెబుతారు. ఆక్స్‌ఫర్డులో సెయింట్ పీటర్స్ హాల్లో చదివి, వైక్లిఫ్ హాల్లో వేదాంత విద్య పూర్తి చేసిన తరువాత, 1933 నుంచి మూడేళ్లు జెరూసలేములోని సెయింట్ జార్జెస్ స్కూల్లో పంతులుగా పనిచేశారు. 1936లో గురువుగా అభిషేకం పొందారు, 1938లో మార్గరెట్‌ను పెళ్లి చేసుకున్నారు.

బర్మింగ్‌హాంలోని కింగ్స్ నార్టన్‌కు వచ్చింది 1940లో. 1942లో రెండేళ్ల కొడుకు క్రిస్టఫర్‌కు తట్టు సోకింది. చీకటి గదిలో పడుకోబెట్టిన పిల్లవాడికి పొద్దుపోవడానికి, స్టేషనులో వరుసగా నిలబడ్డ చిన్న ఇంజన్ల గురించిన ఒక బాలగేయం చెబుతూ, కాగితం మీద ఇంజన్ల బొమ్మలు గీసి వాటికి ముఖాలు పెట్టారు. ఒక ఇంజను ముఖం దిగులుగా ఎందుకుందని పిల్లవాడు అడిగాడు. అది ముసలిదైపోయిందనీ, చాలాకాలంగా దాన్ని షెడ్డులోంచి బయటికి తీయలేదనీ తండ్రి చెప్పారు. దాని పేరేమిటని మళ్లీ అడిగితే అప్పటికప్పుడు తోచిన "ఎడ్వర్డ్" అన్న పేరు చెప్పేశారు. చెప్పిన కథే రోజూ చెప్పమని పిల్లవాడు పట్టుబట్టడమూ, ఒక్క మాట మారినా ఒప్పుకోకపోవడమూ చూసి, మరచిపోకుండా చిత్తు కాగితాల వెనుక రాసి పెట్టుకున్నారు. అచ్చు వేయించమని పోరింది మార్గరెట్. 1945లో మొదటి పుస్తకం "ది త్రీ రైల్వే ఇంజిన్స్" వచ్చింది.

మీ అబ్బాయి నిరాశపడతాడేమో గాని, అందులో థామస్ లేడు. యుద్ధకాలంలో బొమ్మలు దొరక్క, ఆడ్రీ చీపురు కర్ర ముక్కలతో ఒక చిన్న ఇంజను చేసి కొడుక్కి ఇచ్చారు. వాడు కోరింది పెద్ద ఇంజను గార్డన్‌ను, కాని అంత బొమ్మకు చేతిలో సామాను చాలలేదు. ఆ చీపురు కర్ర ఇంజనే థామస్. వాడి కథలు 1946లో రెండో పుస్తకంగా వచ్చాయి.

రిటైర్డు గార్డు (గుంతకల్లు)

నేను ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పనిచేసిన వాణ్ణి. మా మనవరాలి కోసం ఈ పుస్తకాలు తెప్పించి చదివినప్పుడు, ఇవి రాసినవాడు లైను పక్కన పెరిగినవాడే అయి ఉంటాడని రెండో పేజీలోనే అనుకున్నాను. తరువాత తెలిసింది, అది నిజమేనట.

వారి కుటుంబం విల్ట్‌షైర్‌లోని బాక్స్ అనే ఊరికి మారింది. బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టించిన, 1841లో తెరిచిన బాక్స్ సొరంగం పడమటి ముఖం వారి ఇంటికి కొద్ది వందల గజాల దూరంలోనే ఉంది. ఆ సొరంగం లోపల లైను నూరడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తెక్కుతుంది. నిండు లోడుతో వచ్చే గూడ్సు బండి ఒక్క ఇంజనుతో అది ఎక్కలేకపోయేది. అందుకని వెనుక నుంచి తోయడానికి ఇంకో ఇంజను పెట్టేవారు. మేము దాన్ని బ్యాంకరు అంటాము, ఖండాలా ఘాట్లో చూసినవారికి తెలుస్తుంది. ముందు డ్రైవరుకూ వెనుక డ్రైవరుకూ ఒకరి ముఖం ఒకరికి కనిపించదు కాబట్టి మాటలన్నీ కూతలతోనే జరగాలి. ముందువాడు కూత వేసి నేను సిద్ధం అంటాడు, వెనుకవాడు కూతతోనే జవాబిస్తాడు, ఆ తరువాతే ఇద్దరూ ఆవిరి వదిలే రెగ్యులేటరు తెరుస్తారు. ఎక్కేటప్పుడు ఇంజను శబ్దం ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది, చక్రం జారిందంటే గబగబా కొట్టుకుని మళ్లీ నెమ్మదిస్తుంది. రాత్రి పక్క మీద పడుకుని అది విన్న చిన్నపిల్లవాడికి, ముందు ఇంజను "నావల్ల కాదు" అంటున్నట్టూ, వెనుక ఇంజను "అవుతుంది, అవుతుంది" అంటున్నట్టూ వినిపించిందట. ఇంజన్లకు మాటలు ఆయన కల్పించి పెట్టినవి కావని నా అభిప్రాయం. మాలో ఎవరిని అడిగినా ఇంజను మాట్లాడుతుందనే చెబుతారు.

అయ్యగారి అబ్బాయి (మచిలీపట్నం)

మా నాన్నగారు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో గురువుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు అందులో కలిసిన శాఖల్లో ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ శాఖ ఒకటి కనుక, బందరులో మా పెద్దలకు ఈ వికారు, క్యూరేటు అన్న మాటలు కొత్తవి కావు. పై పోస్టుల్లో ఎవరూ ముట్టుకోని ఒక ఘట్టం ఉంది, నా దృష్టిలో ఆడ్రీ జీవితానికి అదే మలుపు.

క్యూరేటు అంటే అభిషేకం పొందినప్పటికీ సొంత సంఘం లేని సహాయ గురువు. ఆ రోజుల్లో వికారు ఇష్టపడినంత కాలమే ఆ ఉద్యోగం, ఉద్యోగంతోపాటే ఇల్లు కూడా పోయేది. ఆడ్రీ 1939లో విల్ట్‌షైర్‌లోని వెస్ట్ లావింగ్టన్‌లో క్యూరేటుగా ఉండగా యుద్ధం వచ్చింది. క్రైస్తవుడు ఆయుధం పట్టరాదన్నది ఆయన నమ్మకం, దాన్ని ఆయన దాచుకోలేదు. ఆయన సవతి అన్న ఒకడు 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నెలలోనే, సైన్యంలో చనిపోయిన సంగతి కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. దేశమంతా యుద్ధోత్సాహంలో ఉన్నప్పుడు చర్చి వేదిక మీద శాంతివాది ఉండడాన్ని వికారు సహించలేదు, వెళ్లిపొమ్మన్నారు. వేరే చోట స్థానం చూసుకుంటే సాలిస్‌బరీ బిషప్పు దానికీ ఒప్పుకోలేదు. చివరికి తానూ శాంతివాదే అయిన బర్మింగ్‌హాం బిషప్పు ఎర్నెస్ట్ బార్న్స్ పిలిచి కింగ్స్ నార్టన్‌లో చోటిచ్చారు. క్రిస్టఫర్ పుట్టింది కూడా ఆ 1940లోనే.

అంటే, చాలాకాలంగా షెడ్డులోంచి బయటికి తీయని ముసలి ఇంజను కథను కొడుక్కి చెప్పిన మనిషి, అంతకు రెండేళ్ల ముందే తన పెద్దల చేత పక్కన పెట్టబడినవాడు. ఇంజన్లు శిక్ష పొందుతాయి, క్షమాపణా పొందుతాయి, అయితే ఏ ఇంజనునూ తుక్కుకు పంపరు అని ఆయన తరువాతి కాలంలో తన కథల గురించి చెప్పేవారు. ప్రసంగ వేదిక మీద చెప్పాల్సిన మాటనే ఆయన రైలు పట్టాల మీద చెప్పారని నేను అనుకుంటాను.

తుంగభద్ర (కర్నూలు)

అయ్యగారి అబ్బాయి గారి వ్యాఖ్య హృద్యంగా ఉంది గాని, నేను దానితో ఏకీభవించలేకపోతున్నాను. మొదటి పుస్తకంలోని హెన్రీ కథ చదివి చూడండి. వాన పడితే తన పచ్చ రంగు పాడవుతుందని హెన్రీ సొరంగంలోంచి బయటికి రానంటాడు. లావుపాటి డైరెక్టరు వచ్చి, ప్రయాణికుల చేత లాగించి, తోయించి, తాను మాత్రం డాక్టరు వద్దన్నాడంటూ చెయ్యి వేయకుండా నిలబడి, చివరికి పట్టాలు పీకించి సొరంగానికి అడ్డంగా గోడ కట్టిస్తాడు. ఆ శిక్ష వాడికి తగినదే కదా అని పిల్లలనే అడుగుతూ కథ ముగుస్తుంది. నాలుగో కథలో హెన్రీని బయటికి తెస్తారు నిజమే, అయితే ఆ కథ ఆడ్రీ తనంతట తాను రాసింది కాదు. ముగ్గురు ఇంజన్లనూ కలుపుతూ, హెన్రీకి విముక్తి ఇస్తూ ఇంకొకటి రాయమని ప్రచురణకర్త ఎడ్మండ్ వార్డ్ కోరితే రాసింది. క్షమాపణ వేదాంతం ఆయనదంటున్నారు గాని, మొదటి క్షమాపణ ప్రచురణకర్తది.

ఆ డైరెక్టరు సంగతి కూడా చూడాలి. 1948లో బ్రిటిష్ రైల్వేలు జాతీయమయ్యాక ఆయన బిరుదు "కంట్రోలరు"గా మారింది తప్ప అధికారం వీసమెత్తు తగ్గలేదు. "పనికొచ్చే ఇంజను" అనిపించుకోవడమే ఈ కథలన్నీ జరిగే సోడార్ దీవిలో పరమావధి. పనికొచ్చేవాడికే విలువ అని పిల్లలకు నేర్పడం నాకు రుచించదు.

రిటైర్డు గార్డు (గుంతకల్లు)

తుంగభద్ర గారూ, ఆ కంట్రోలరు దగ్గర నేను పనిచేయలేదు గాని ఆ బాపతు అధికారుల దగ్గర చేశాను, కాబట్టి మీతో సగం ఒప్పుకుంటాను. ఇంకో రుజువు కూడా మీకే ఇస్తాను. స్క్రఫీ అనే పొగరుబోతు వాగను ఒకటి ఆలివర్ అనే ఇంజనును ఏడిపిస్తే, చివరికి ఆలివర్ లాగిన లాగుడికి అది ముక్కలు ముక్కలవుతుంది. ఇంజన్లకు క్షమాపణ, వాగన్లకు అది వర్తించదు అన్నమాట.

అయితే హెన్రీ విషయంలో అసలు ముచ్చట వేరే ఉంది. బొమ్మలు వేసిన రెజినాల్డ్ డాల్బీకి ఇంజన్ల తేడాలు అంతగా పట్టేవి కావు. హెన్రీని గీస్తే గార్డన్ లాగే ఉండేవాడు. ఆ తేడాలు పట్టుకుని పిల్లలు ఉత్తరాలు రాసేవారు, ఆడ్రీకి ప్రాణం మీదికి వచ్చేది. ఆ ఇబ్బందిని ఆయన రైల్వేవాడిలాగే తీర్చారు. 1951లో వచ్చిన పుస్తకంలో, హెన్రీకి బొగ్గు మండే ఫైర్‌బాక్స్ చిన్నది కాబట్టి మామూలు బొగ్గుతో ఆవిరి లేవదని, వేల్సు బొగ్గు తెప్పించారు. ఈ మాట మాకు నవ్వు తెప్పిస్తుంది, బూడిద ఎక్కువున్న బొగ్గుతో ఆవిరి లేపలేక ఫైర్‌మన్ పడే పాట్లు మేము చూశాము. ఆ తరువాతి కథలో, చేపల బండి లాగుతున్న హెన్రీ మంచు కురిసిన తెల్లవారుజామున ఇంకో బండిని గుద్దుకుంటాడు. మరమ్మతుకు క్రూ వర్క్‌షాపుకు పంపితే కొత్త ఆకారంతో తిరిగి వస్తాడు. అంతటితో బొమ్మల తగాదా తీరిపోయింది.

ఆ ప్రమాదం ఎలా జరిగిందో గమనించండి. పాత లోయరు క్వాడ్రంటు సిగ్నలులో చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. మంచు పేరుకుని ఆ బరువుకు చెయ్యి కిందికి వాలింది, బండిని లైను మార్చే పాయింట్లు గడ్డకట్టాయి, డ్రైవరు దారి ఉందనుకున్నాడు. 1876 జనవరిలో అబట్స్ రిప్టన్ దగ్గర నిజంగా జరిగిన ప్రమాదానికి మంచులో బిగుసుకుపోయిన సిగ్నలే కారణం. సిగ్నలు మామూలుగా "ఆగు" అనే ఉండాలి, బండికి దారి ఇచ్చేటప్పుడే దించాలి అన్న పద్ధతి ఆ తరువాతే స్థిరపడింది. రైల్వేలో ఎక్కడో ఒకచోట జరిగిన సంగతి అయితేనే రాయాలని ఆడ్రీ పెట్టుకున్న నియమం ఇటువంటిది. ఆ కథలో హెన్రీ తప్పు లేదని గ్రహించి, కంట్రోలరు వాడిని తిట్టకుండా బాగు చేయించడానికే పంపుతాడు. విచారణ కమిటీల ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను.

సుధామయి (హైదరాబాదు)

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. గార్డు గారూ, మీరు చెప్పిన చేపల బండి కథ నా దగ్గరున్న నాలుగింటిలోనే ఉంది. నిన్న రాత్రి మళ్లీ చదివితే, సిగ్నలు చెయ్యి ఎందుకు వాలిందో వాడికి చీపురు పుల్లతో చూపించవలసి వచ్చింది. మరి ఈ పుస్తకాలు రాస్తున్నన్ని రోజులూ ఆయన చర్చి పని మానలేదా? సోడార్ అనే ఆ దీవి నిజంగా ఉన్నదేనా?

బ్రమ్మీ తెలుగు (బర్మింగ్‌హాం)

మానలేదు. 1946లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఎల్స్‌వర్త్, నాప్‌వెల్ అనే రెండు పల్లెల సంఘాలకు గురువుగా వెళ్లారు. 1953 నుంచి 1965 వరకు నార్‌ఫోక్‌లోని ఎమ్‌నెత్‌లో వికారు. దాని దగ్గరి విస్‌బెక్ నుంచి అప్‌వెల్‌కు రోడ్డు పక్కనే నడిచిన ట్రామ్ లైను ఇంజన్ల బాపతుదే టోబీ అనే పెట్టె ఆకారపు ఇంజను. 1965లో సంఘ బాధ్యత వదిలి గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్‌లో స్థిరపడ్డారు. అవసరమైన చోట ఆరాధన నడిపిస్తూనే ఉండేవారు గాని, ఉద్యోగం గురించి అడిగితే "ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకున్నాను" అనేవారట.

సోడార్ మాత్రం అచ్చంగా పాదిరి బుర్రకే తట్టే సంగతి. ఇంజన్లన్నీ ఒకే చోట ఎక్కడ తిరుగుతాయని పాఠకులు ఉత్తరాలు రాస్తుంటే ఆయనకు జవాబు తోచేది కాదు. ఐల్ ఆఫ్ మాన్‌కు వెళ్లినప్పుడు, అక్కడి బిషప్పు అధికార పరిధిని "సోడార్ అండ్ మాన్ డయోసిస్" అంటారని గుర్తుకు వచ్చింది. మాన్ దీవి ఉంది గాని సోడార్ దీవి ఎక్కడా లేదు. దక్షిణ దీవులు అనే అర్థమున్న పాత నార్సు మాట నుంచి మిగిలిపోయిన పేరు అది. ఊరు లేని పేరు దొరికింది కనుక, మాన్ దీవికీ ఇంగ్లండు తీరంలోని బారోకూ మధ్య సముద్రంలో ఒక దీవిని దింపేశారు. తమ్ముడు జార్జ్‌తో కలిసి దానికి భాష, రాజులు, గనులు, పంటలు అన్నీ సమకూర్చారు. ఆ వివరాలతో 1987లో అన్నదమ్ములు ఒక పుస్తకమే వేశారు.

అయ్యగారి అబ్బాయి (మచిలీపట్నం)

తుంగభద్ర గారి అభ్యంతరానికి నేను జవాబు బాకీ ఉన్నాను. నాలుగో కథ ప్రచురణకర్త కోరిక అన్నది నేను పట్టించుకోని సంగతే, ఒప్పుకుంటున్నాను. అయితే దాని తరువాత 1972 వరకు ఇరవై అయిదు పుస్తకాలు వచ్చాయి. తప్పు చేసిన ఇంజను సిగ్గుపడడం, కష్టమైన పని ఒకటి చేసి మళ్లీ వరుసలో నిలబడడం, ఆ తప్పును తోటి ఇంజన్లు మరచిపోవడం వాటిలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టలేము. ప్రచురణకర్త నేర్పిన పాఠమే అయినా, ఆయన దాన్ని తన బ్రతుకులో కలుపుకున్నారని మాత్రం చెప్పవచ్చు.

"పనికొచ్చే" అన్న మాట విషయంలో మీ అసంతృప్తి నాకూ కొంత ఉంది. ఒక్కటే గుర్తు చేస్తాను. ఆయన ఈ కథలు రాస్తున్న కాలంలోనే బ్రిటనులో ఆవిరి ఇంజన్లను వందల కొద్దీ విరగ్గొడుతున్నారు. 1968 ఆగస్టు 11తో ప్రధాన లైన్లలో వాటి పని అయిపోయింది. అదే సంవత్సరం వచ్చిన పుస్తకంలో, తుక్కు కాబోతున్న ఆలివర్‌ను డగ్లస్ అనే ఇంజను దొంగచాటుగా సోడార్‌కు లాక్కువస్తాడు. పనికిరావని లోకం తేల్చేసిన వాటికే ఆయన పని ఇచ్చారు.

తుంగభద్ర (కర్నూలు)

ఆలివర్ సంగతి నాకు తెలియదు. ఆ మేరకు నా మాట సవరించుకుంటున్నాను. కంట్రోలరు విషయంలో మాత్రం సవరించుకోను.

రిటైర్డు గార్డు (గుంతకల్లు)

ఆయన మమ్మల్ని ఊరికే దూరం నుంచి చూసి రాయలేదని చెప్పడానికి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. వేల్సులోని టాలిలిన్ అనే చిన్న గేజి లైను మూతపడబోతే, రైల్వే అభిమానులు జీతం లేకుండా పనిచేసి 1951 నుంచి నడిపించారు. అలా అభిమానులు నిలబెట్టిన రైల్వేల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది అదే. ఆడ్రీ అక్కడికి వెళ్లి గార్డుగా పనిచేశారు. ఒకరోజు టీ, తినుబండారాలు అమ్మే ఆవిడ ఇంకా ఎక్కకముందే ఈయన పచ్చ జెండా ఊపి ఈల వేసేశారు. బండి కదిలిపోయింది, ఆవిడ ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయింది. 1955లో వచ్చిన పుస్తకంలో ఆ కథ ఉంది. గార్డుగా చేసిన తప్పును దాచుకోకుండా అచ్చు వేయించుకున్న గార్డును నేను ఇంకెక్కడా చూడలేదు, నాతో సహా.

బ్రమ్మీ తెలుగు (బర్మింగ్‌హాం)

డాల్బీతో తగాదా గురించి ఇంకో మాట. 1956 పుస్తకంలో పెర్సీ అనే చిన్న ఇంజను బొమ్మను చూసి, ఎర్ర చారల పచ్చ గొంగళిపురుగులా ఉన్నాడని ఆడ్రీ అనేశారు, డాల్బీ ఆ పని మానుకుని వెళ్లిపోయారు. తప్పు చేసిన ఇంజన్లకు ఉన్న ఓర్పు బొమ్మలు వేసేవారి మీద ఉండేది కాదన్నమాట. 1984లో టీవీ ధారావాహిక మొదలై థామస్ లోకమంతా తిరిగాక కూడా, రైల్వే నిబంధనలకు సరిపడని కథలు వస్తే నిర్మాతలతో గట్టిగానే వాదించేవారు. మెయిన్ లైను మీద ఇంజను తన ఇష్టం వచ్చిన చోట ఎలా ఆగుతుందన్నది ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. 1983 నుంచి కొత్త పుస్తకాలు రాసింది క్రిస్టఫరే, తట్టు వచ్చిన ఆ పిల్లవాడు. 1996లో బ్రిటిష్ ప్రభుత్వ గౌరవమైన ఓ.బి.ఇ. బిరుదు ప్రకటించేనాటికి ఆడ్రీ లండను దాకా ప్రయాణం చేయలేని స్థితిలో ఉన్నారు. 1997 మార్చి 21న స్ట్రౌడ్‌లోని ఇంట్లోనే, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన రాతగదిని టాలిలిన్ లైను మొదలయ్యే టివిన్ స్టేషను మ్యూజియంలో తిరిగి అమర్చి పెట్టారు. వచ్చే వేసవిలో పిల్లలను తీసుకుని వెళదామనుకుంటున్నాను.

సుధామయి (హైదరాబాదు)

అందరికీ కృతజ్ఞతలు. టీ అమ్మే ఆవిడ కథ నా దగ్గరున్న పుస్తకాల్లో లేదు, వచ్చే ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లి వెతుకుతాను. గార్డు గారూ, మావాడి ప్రశ్న ఒకటి మీకు మిగిలిపోయింది: ఇంజనుకు ముఖం ఉంది, పెట్టెలకు ముఖాలు ఉన్నాయి, మరి చివరనుండే గార్డు పెట్టెకు ముఖం ఏ వైపున ఉండాలి?

రిటైర్డు గార్డు (గుంతకల్లు)

వెనుక వైపునే ఉండాలి నాయనా. ముందుకు చూడడానికి డ్రైవరు ఉన్నాడు. బండి మొత్తం వచ్చిందా, మధ్యలో తెగి ఏదైనా మిగిలిపోయిందా అన్నది చివరి పెట్టె వెనుక ఉండే దీపం చూసే స్టేషను మాస్టరు తెలుసుకుంటాడు. చిన్నవాడికి చెప్పండి, ఆ కథల్లో టోడ్ అనే గార్డు పెట్టె ఉంది. ఎప్పుడూ వెనక్కి చూస్తూ ప్రయాణం చేయవలసి వస్తోందని అది కూడా గొణుక్కుంటూనే ఉంటుంది.